మైకు మూతి ఎటు తిరిగి ఉంది?

హైదరాబాద్ మధురానగర్‌లో ఏ వినాయక మండపానికైనా వెళ్ళి ఒక్క సంగతి గమనించండి. స్పీకర్ల మూతి ఎటు తిరిగి ఉంది? విగ్రహం వైపు ఒక్కటీ ఉండదు. అన్నీ వీధి వైపే. ఎదురింటి బాల్కనీ వైపు, పక్క సందులో హాస్టల్ మూడో అంతస్తు కిటికీ వైపు, మెయిన్ రోడ్డు మీద పోయే జనం వైపు. దేవుడికి డబ్బా వెనకభాగం, ఊరికి నోరు. పెట్టినవాళ్ళు తమకు తెలియకుండానే నిజం బయటపెట్టేశారు. ఆ పాట ఎవరికి వినిపించడానికో, ఆ పూజ ఎవరికి చూపించడానికో ఆ డబ్బాలు తిరిగిన దిక్కే చెబుతోంది.

చూసేవాడు లేకపోతే ఆరిపోయే భక్తికి ఆ చూసేవాడే దేవుడు. పీఠం మీద ఏ విగ్రహం పెట్టినా, ఏ పేరుతో పిలిచినా ఆ పూజ అందేది వాడికే. నేను చెప్పదలచుకున్నది ఇదే. కొందరికి గుచ్చుకుంటుంది. గుచ్చుకోవాలనే రాస్తున్నాను.

ఈ పేట ఎలాంటిదో తెలియనివాళ్ళకు నాలుగు మాటలు చెప్పాలి. అమీర్‌పేట కోచింగ్ సెంటర్లకు జిల్లాల నుంచి వచ్చే పిల్లలు ఎక్కువమంది ఉండేది ఈ చుట్టుపక్కల హాస్టళ్ళలోనే. గ్రూప్స్‌కు చదివేవాళ్ళు, బ్యాంకు పరీక్షలకు కూర్చునేవాళ్ళు, సాఫ్ట్‌వేర్ కోర్సు పూర్తిచేసి ఉద్యోగం కోసం తిరిగేవాళ్ళు. మూడు మంచాలు, ఒక ఫ్యాను, గోడకు అంటించిన టైమ్‌టేబుల్. నాన్న కౌలుకిచ్చిన పొలం డబ్బు, అమ్మ తాకట్టు పెట్టిన గాజుల డబ్బు ఆ గది అద్దెలో ఉంటుంది. ఆ కిటికీకి ఎదురుగా రాత్రి పదకొండున్నరకు డీజే మోగుతుంది. కిటికీ అద్దం వణుకుతుంది. మంచం మీద పుస్తకం తెరిచి కూర్చున్న పిల్ల రెండు చెవుల్లో దూది పెట్టుకుంటుంది. కిందకు దిగి అడగదు. ఊరు కాని ఊరు, హాస్టల్ ఓనరు ఏమంటాడోనని భయం, మండపం దగ్గరున్నవాళ్ళంతా మగవాళ్ళు. నోరెత్తలేని వాళ్ళ చెవుల మీద స్వారీ చేస్తున్న ఈ భక్తికి సిగ్గు లేదు.

చట్టం లేదా అంటే ఉంది. శబ్ద కాలుష్య నియంత్రణ నిబంధనలు 2000లోనే వచ్చాయి. నివాస ప్రాంతంలో పగలు 55 డెసిబెళ్ళు, రాత్రి 45. రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా బయట మైకు మోగకూడదు. పండగల కోసమని ప్రభుత్వం ఏడాదికి 15 రోజులకు మించకుండా, అదీ అర్ధరాత్రి వరకే, సడలింపు ఇవ్వవచ్చు. ఆసుపత్రుల చుట్టూ 100 మీటర్ల మేర నిశ్శబ్ద మండలాల మాట కూడా అందులోనే ఉంది. మన పక్కనే పంజాగుట్టలో నిమ్స్ ఉంది. ఆంధ్ర, తెలంగాణ పల్లెల నుంచి చివరి ఆశతో రోగులను తీసుకొచ్చే చోటు అది. ఆ గోడ పక్కనుంచి డప్పుల బండి పోనిచ్చేవాడికి గుండెలో ఏ దేవుడున్నాడో చెప్పమనండి. నేను వింటాను.

"హిందువుల పండగలే కనబడతాయా నీకు?" ఈ ప్రశ్న వస్తుందని తెలుసు. ఈ పేజీ సగం కూడా చదవకుండానే కొందరి నాలుక మీదికి వచ్చేసి ఉంటుంది. జవాబు వినండి. 2000లో సుప్రీంకోర్టు ముందుకు వెళ్ళింది ఒక చర్చి. మద్రాసులో కాలనీవాళ్ళు మైకుల మీదా డ్రమ్ముల మీదా ఫిర్యాదు చేస్తే, మా ప్రార్థన హక్కు పోతోందని వాదించింది. ఇతరుల ప్రశాంతతను చెడగొట్టి ప్రార్థన చెయ్యమని ఏ మతమూ చెప్పదని కోర్టు తేల్చేసింది. 2024లో హైదరాబాద్ పోలీసులు మత ఊరేగింపుల్లో డీజేలను నిషేధించారు. ఆ నిషేధానికి ముందు వినాయక నిమజ్జనాల చప్పుడూ ఉంది, మిలాద్ ఊరేగింపుల చప్పుడూ ఉంది. బాస్ స్పీకరుకు మతం లేదు. అది కొట్టేది గుండె మీద, ఆ గుండె ఎవరిదైనా సరే.

ఇంకో మాట. మీ మీ గ్రంథాలే మీకు ఎదురు సాక్ష్యం చెబుతున్నాయి. నలుగురూ చూడాలని వీధి మూలల్లో నిలబడి ప్రార్థించేవాళ్ళను ఏసు వేషధారులన్నాడు, గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుని ప్రార్థించమన్నాడు. చూపించుకోవడానికి చేసే ఆరాధనను ఇస్లాం ఘోరమైన తప్పుగా లెక్కగట్టింది. గీతలో కృష్ణుడు అడిగింది ఆకు, పువ్వు, పండు, నీళ్ళు. జనరేటరు అడగలేదు. లేజర్ లైట్లు అడగలేదు. ఎవరు అడిగారు మరి? ఆ పేరు చెప్పండి.

నేను ఎక్కువగా హిందూ ఇళ్ళ గురించే రాస్తాను. నేను పుట్టింది ఆ ఇంట్లోనే కాబట్టి ఆ ఇంటి దుమ్ము ముందు దులుపుతాను. పక్కింటి దుమ్ము చూపించి తన చీపురు దాచుకునేవాడు నా దృష్టిలో పిరికివాడు.

చందా సంగతికి వద్దాం. నలుగురు కుర్రాళ్ళు, ఒక రసీదు పుస్తకం. "అన్నా, పోయినేడు పదకొండు వందలు రాసినవ్. ఈసారి ఐదువేల నూటపదహార్లు రాస్తున్నం." పోయినేడు లెక్క ఏదని అడిగాను. "దేవుని కాడ గూడ లెక్కలేందన్నా?" అని నా వైపు జాలిగా చూశారు. ఆ మాట వెనక ఒక ధీమా ఉంది. దేవుడి పేరు పెట్టాక ఎవడూ ప్రశ్నించడు, ప్రశ్నించినవాడు ద్రోహి అయిపోతాడు అన్న ధీమా. నేను ఆ ఏడు రాయలేదు. ఇవాళ్టికీ రాయను. చందా ఇచ్చి లోపల తిట్టుకునే పెద్దమనుషులారా, ఆ ధీమాకు పెట్టుబడి మీ జేబులోంచే పోయింది. రేపు అదే డబ్బుతో మీ అమ్మ నిద్ర చెడిపోతే మీకు నోరు ఉండదు.

ఇక ఎత్తుల పోటీ. పంజాగుట్ట దాటితే ఖైరతాబాద్. అక్కడ 1954లో సింగరి శంకరయ్య ఒక్క అడుగు వినాయకుణ్ణి పెట్టాడు. ఏడాదికో అడుగు పెరిగి 2014 నాటికి 60 అడుగులైంది, 2024లో 70. మట్టితో చెయ్యడం మొదలుపెట్టారు, ఆ ఒక్క పనికి వాళ్ళను మెచ్చుకుంటాను. కానీ ఆ ఎత్తు చూసి ఊరంతా నేర్చుకున్నదేమిటి? ప్రతి సందులో ఎదుటి సందు కన్నా ఒక అడుగు ఎక్కువ కావాలి. అడుగులు పెరిగాయి. ఆ మొదటి అడుగులో ఉన్న మనసు ఎంత పెరిగిందో ఎవరైనా కొలిచారా? లడ్డూ వేలం కూడా అంతే. బాలాపూర్‌లో 1994లో 450 రూపాయలతో మొదలైంది, 2025లో 35 లక్షలకు చేరింది. బండ్లగూడ జాగీర్ విల్లాల్లో అదే ఏడు 2 కోట్ల 32 లక్షలు పలికింది. ఆ డబ్బు ఊరి పనులకూ సేవకూ పోతుందని చెబుతారు. పోనివ్వండి, మంచిదే. మరి సేవే ఉద్దేశమైతే, ఆ చెక్కు చీకట్లో ఒక బడికి ఇచ్చి రావడానికి ఏం అడ్డం? కెమెరా లేదు, దండ లేదు, రేపటి పేపర్లో ఫొటో లేదు. అదే అడ్డం.

మన పక్కనే బల్కంపేట ఎల్లమ్మ ఉంది. వెళ్ళినవాళ్ళకు తెలుసు, అమ్మవారు నేల మట్టానికి కింద, బావిలో కొలువై ఉంటుంది. మెట్లు దిగి, తల వంచి చూడాలి. పైకెక్కి కూర్చోని దేవత మనకు ఇంత దగ్గర్లో ఉంది. ఆషాఢంలో బోనాలు వస్తే ఏం చేస్తాం? గుడి దారి పొడవునా ఫ్లెక్సీలు కడతాం. నాయకుడి మొహం నిలువెత్తు, ఆయన కొడుకు మొహం అందులో సగం, చిల్లర నాయకుల తలకాయలు వరసగా, మూలన ఎక్కడో అర చెయ్యంత అమ్మవారు. ఫలహారం బండి ముందు డీజే, తాగి ఊగే గుంపు. ఆ గుంపు మధ్యలోంచి ఒకామె బోనం ఎత్తుకుని వస్తుంది. కొత్త కుండ, పసుపు, వేపమండలు, కుండ మీద దీపం. పొద్దున్నే లేచి ఉపవాసంతో అన్నం వండింది. కాలికి చెప్పుల్లేవు. దీపం ఆరకుండా మెడ నిటారుగా పెట్టి, ఎవరినీ చూడకుండా నడుస్తుంది. 1813లో సికింద్రాబాద్, హైదరాబాద్ జనం మహమ్మారికి పిట్టల్లా రాలిపోయిన కాలం నుంచి చెప్పుకునే మొక్కు అది. పిల్లలు బతికితే చాలు తల్లీ అన్న మొక్కు. ఆ నడకను తోసుకుంటూ, ఆమె మీద పడుతూ చిందులేసేవాడు భక్తుడా? వాణ్ణి పక్కకు లాగని మనం ఎవరం?

వీధి సంగతి తేలిక. వీధిలో తప్పు కళ్ళకు కనిపిస్తుంది. నన్ను ఎక్కువ మండించేది ఇంట్లో, తలుపు లోపల జరిగేది.

గృహప్రవేశమో పెళ్ళిరోజో రాగానే సత్యనారాయణ వ్రతం చేయిస్తారు. పురోహితుడు అయిదో అధ్యాయం చదువుతాడు. తుంగధ్వజుడనే రాజు వేటకు పోతాడు. చెట్టు కింద గొల్లలు వ్రతం చేసుకుని, భక్తిగా ప్రసాదం తెచ్చి రాజు ముందు పెడతారు. ఆ పశువుల కాపరుల చేతి ప్రసాదమా అని వాడు ముట్టుకోకుండా పోతాడు. కొడుకులూ రాజ్యమూ సంపదా పోతాయి. బుద్ధి వచ్చి తిరిగొచ్చి వాళ్ళ మధ్యే కూర్చుని, ఆ ప్రసాదం తిన్నాకే పోయినవన్నీ తిరిగొస్తాయి. ఇంతకన్నా స్పష్టంగా ఏ దేవుడు చెప్పాలి? కథ విని అందరూ కళ్ళకద్దుకుంటారు. వ్రతం అయ్యాక చుట్టాలకు వెండి గిన్నెల్లో ప్రసాదం. పొద్దుటి నుంచి ఆ ఇల్లు కడిగి, ఆ పీట తుడిచి, ఆ అంట్లన్నీ తోమిన మనిషికి గుమ్మం బయట, కాగితం ముక్కలో. పై నుంచి పడేసినట్టు, చెయ్యి తగలకుండా. కింద లిఫ్టు దగ్గర ఇంకో కాగితం అంటించి ఉంటుంది: పనివాళ్ళు మెట్లు వాడవలెను. తుంగధ్వజుడు ఒక్కసారి తప్పు చేశాడు, తెలుసుకున్నాడు. మీరు కథ విన్న గంటలోనే చేస్తారు, ఏళ్ళ తరబడి చేస్తారు. ఆ మనిషి చేత్తో వండింది మీరు తింటారా? ఆమెను మీ సోఫాలో మీ పక్కన కూర్చోబెడతారా? జవాబు బయటికి చెప్పొద్దు. మీలో మీరు చెప్పుకోండి, అదీ నిజం చెప్పుకోండి.

కార్తీకంలో మాల వేసుకునేవాళ్ళ సంగతి ఇంకా బాధ. అయ్యప్ప దీక్ష గొప్పది. 41 రోజులు చన్నీళ్ళ స్నానం, ఒంటిపూట భోజనం, నేల మీద పడక, కోపం లేకుండా మాట. ఎదుటివాడు ఎవరైనా స్వామే. వాచ్‌మన్ మాల వేసుకుంటే బిల్డరు వచ్చి వాడి కాళ్ళకు దండం పెడతాడు. పక్కన కూర్చుని అదే అరిటాకులో తింటాడు. ఇంత పెద్ద మాట ఏ రాజ్యాంగమూ మన వీధుల్లో ఇంత సులువుగా నడిపించలేదు. శబరిమల సన్నిధానంలో పైన రాసి ఉంది, తత్త్వమసి అని. వెతుక్కుంటూ వచ్చింది నీలోనే ఉందని, ఎదురుగా ఉన్నవాడిలోనూ అదే ఉందని. అంత దూరం నడిచి, 18 మెట్లు ఎక్కి, అది చదివి ఇంటికి వస్తారు. మాల తీస్తారు. మర్నాడు పొద్దున అదే వాచ్‌మన్‌ను "ఒరేయ్, కారు తుడవలేదేంరా?" అంటారు. సాయంత్రానికి బారులో ఉంటారు. 41 రోజులు మోసింది మాలనా, మనసునా? దీక్ష దేవుడితో ఒప్పందం అనుకున్నారు, గడువు తీరింది, అయిపోయింది. ఏ ఒక్క గుణమూ 42వ రోజుకు మిగలకపోతే ఆ నల్లబట్టలు ఎందుకు కట్టారు?

ఇదంతా ఎవరికీ హాని లేని ఆడంబరమేగా, పోనీలే అనేవాళ్ళున్నారు. హాని లేదా? 2025 ఆగస్టులో రామంతాపూర్‌లో కృష్ణాష్టమి ఊరేగింపు రథానికి కరెంటు తీగ తగిలి అయిదుగురు చచ్చిపోయారు. మన ఊళ్ళోనే, అర్ధరాత్రి వేళ. 2015 జూలై 14న రాజమహేంద్రవరం పుష్కర ఘాట్‌లో తొక్కిసలాట జరిగి పాతికమందికి పైగా పోయారు. గోదావరి పొడవు 1,465 కిలోమీటర్లు. పుష్కరాలు 12 రోజులు. అంత నది, అన్ని రోజులు ఉండగా ఆ ఒక్క ఘాటులో, ఆ ఒక్క ముహూర్తంలో మునిగితేనే పుణ్యమని టీవీల్లో వారాల తరబడి ఊదరగొట్టారు. ప్రవచనకారులు చెప్పారు, నాయకులు ముందు వరసలో మునిగారు, జనం గేటు బయట గంటల తరబడి నిలబడ్డారు. 2025 జనవరి 8న తిరుపతిలో వైకుంఠ ద్వార దర్శనం టోకెన్ల కోసం తోపులాట, ఆరుగురు. చచ్చినవాళ్ళెవరూ ముఖ్యులు కారు. ముఖ్యులకు బ్రేక్ దర్శనం ఉంది. పదివేలు ట్రస్టుకు ఇస్తే టికెట్ ఉంది. వైకుంఠ ద్వార దర్శనానికి రెండు క్యూలు పెట్టి, ఒకదానిలో నలిగి చచ్చినవాళ్ళకు నష్టపరిహారం ప్రకటించే మనం భక్తి గురించి ప్రపంచానికి పాఠాలు చెబుతాం.

అసలు భక్తి ఎక్కడుందో ఇక్కడికి కొద్ది దూరంలోనే చూడవచ్చు. చిలుకూరు బాలాజీ గుడిలో హుండీ లేదు, టికెట్ లేదు, ప్రముఖులకు వేరే దారి లేదు. ఆ గుడి అర్చకుడు సి.ఎస్. రంగరాజన్ 2018 ఏప్రిల్ 16న జియాగూడ రంగనాథస్వామి గుడిలోకి ఆదిత్య పరాశ్రీ అనే దళిత భక్తుణ్ణి తన భుజాల మీద ఎక్కించుకుని నడిచారు. తిరుప్పాణాళ్వారును అర్చకుడు మోసుకుపోయిన పాత కథను బతికించి చూపించారు. అందరూ చూశారు కదా, ఇది ప్రదర్శన కాదా అని అడుగుతారు కొందరు. కాదు. ఎందుకంటే ఆ పనివల్ల ఆయన మోసింది బరువు, ఎదుర్కొన్నది సొంతవాళ్ళ కోపం. చూసేవాళ్ళ మెప్పు కోసం చేసేవాడు చూసేవాళ్ళకు నచ్చని పని చెయ్యడు. ఈ ఒక్క కొలతతో కొలిస్తే ఎవరు ఏమిటో తేలిపోతుంది.

ఆ మనిషికి మనవాళ్ళు ఏం బహుమానం ఇచ్చారు? 2025 ఫిబ్రవరి 7న రామరాజ్యం పేరు చెప్పుకునే గుంపు ఒకటి ఆయన ఇంటికి వచ్చింది. తమ సేనకు మనుషులను చేర్చమంది, మద్దతు ఇమ్మంది. ఆయన ఒప్పుకోలేదు. కొట్టారు. రాముడి పేరు చెప్పి, దేవుడిని రోజూ కొలిచే అర్చకుణ్ణి ఆయన ఇంట్లోనే కొట్టారు. పోలీసులు అరెస్టులు చేశారు, నాయకులు పరామర్శించారు, వారం రోజుల్లో ఊరు మర్చిపోయింది. నేను మర్చిపోలేదు. గొంతు పెంచుకుంటూ పోయిన భక్తి చివరికి ఎక్కడికి చేరుతుందో ఆ రోజు చిలుకూరులో కనిపించింది. ముందు మైకు, తర్వాత జెండా, తర్వాత సేన, తర్వాత పూజారి మీదే చెయ్యి.

చప్పుడు లేని భక్తి ఎలా ఉంటుందో ఇంకో కథ చెబుతాను. కోనసీమలో లంకల గన్నవరం అనే ఊరుంది. అక్కడ డొక్కా సీతమ్మ గారు (1841-1909) గోదావరి వరదల్లో, అర్ధరాత్రుల్లో, కులం అడగకుండా వచ్చినవాళ్ళకల్లా అన్నం వండి పెట్టింది. ఒకసారి అంతర్వేది నరసింహస్వామి దర్శనానికి బయలుదేరిందట. దారిలో ఒక పెళ్ళి బృందం, ఆకలితో ఏడుస్తున్న పిల్లలను సముదాయిస్తూ, ఇంకాసేపట్లో సీతమ్మ గారింటికి చేరతాం, అన్నం పెడుతుంది అనడం ఆమె చెవిన పడింది. అంతే, అంతర్వేది వైపు ఒక్క అడుగు వెయ్యలేదు. వెనక్కి తిరిగి వాళ్ళకన్నా ముందే ఇంటికొచ్చి పొయ్యి ముట్టించింది. దేవుడి దర్శనం మానేసిన ఆ ప్రయాణమే ఆమె జీవితంలో పెద్ద దర్శనమని కోనసీమ ఇప్పటికీ చెప్పుకుంటుంది. ఏడవ ఎడ్వర్డ్ పట్టాభిషేక ఉత్సవాలకు రమ్మని పిలుపొస్తే వెళ్ళలేదు. అన్నం పెట్టింది పేరు కోసం కాదని చెప్పింది. ఇవాళ ఆంధ్రప్రదేశ్ బడుల్లో మధ్యాహ్న భోజనం ఆమె పేరు మీదే ఉంది. పేరు వద్దన్న మనిషి పేరు వందేళ్ళు దాటినా అన్నం వాసనతో మిగిలింది. ఫ్లెక్సీ మీది పేర్లు ఒక వానకు కూడా ఆగవు.

ఇప్పుడు నాస్తికుడని తిట్టండి. అమ్ముడుపోయాడని రాయండి. మా అపార్ట్‌మెంట్ గేటు దగ్గరకొచ్చి అరవండి, ఇదివరకూ అరిచారు. నాకు దేవుడితో తగాదా లేదు. ఆయన్ను అడ్డం పెట్టుకుని వీధిని కబ్జా చేసినవాళ్ళతోనే నా తగాదా. వాళ్ళకన్నా ఎక్కువ తగాదా, ఇది తప్పని తెలిసీ తలుపేసుకుని పడుకున్న మీతో.

ఈ ఏడాది చందా పుస్తకం మీ తలుపు తడుతుంది. స్పీకర్లు రాత్రి పదికి ఆపుతామని రాసివ్వమనండి, నిరుటి లెక్క చూపించమనండి, దారికి అడ్డంగా పందిరి వెయ్యబోమని మాట ఇమ్మనండి. ఇవ్వకపోతే ఒక్క రూపాయి రాయకండి. పక్క హాస్టల్లో నెల ఫీజు కట్టలేక మెస్ మానేసిన పిల్లో పిల్లాడో ఉంటారు, ఆ డబ్బుతో వాళ్ళ బిల్లు కట్టండి, పేరు చెప్పకుండా రండి. రాత్రి పది దాటాక మోగితే 100కు ఫోన్ చెయ్యండి. మీ పేరు అడుగుతారు. చెప్పండి. నేను చెబుతూనే ఉన్నాను.